వసంతం, ఉద్యానవనం, పంజరంలోని చిలుక

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఎండిన నేలకు వాననూ, మోడైన కొమ్మకు చిగురునూ ప్రసాదించేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతీ శుభాలూ వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! మహిళా విభాగంలో ఆలకిస్తున్న తల్లులారా, సోదరీమణులారా!

ఫిబ్రవరి సగం దాటింది. ఉదయపు చలి సడలింది, మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటోంది. బూరుగు చెట్లు ఆకులన్నీ రాల్చి ఎర్రని పూలతో నిలిచాయి. హైదరాబాదు దాటి కొంత దూరం వెళితే గుట్టల మీద మోదుగ పూసి కనిపిస్తుంది. ఈ రోజుల్లో నగరంలోని ఉద్యానవనాల్లో పక్షులను గుర్తించే నడకలు, చెట్లను పరిచయం చేసే కార్యక్రమాలు, పిల్లల కోసం ఆరుబయట పాఠాలు జరుగుతూ ఉంటాయి. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనానికో, కొత్తగూడలోని వృక్షశాస్త్ర ఉద్యానవనానికో ఉదయం పూట వెళ్ళి చూడండి. మెడలో దుర్భిణి వేసుకున్న పెద్దలు, చేతిలో చిన్న పుస్తకం పట్టుకున్న పిల్లలు కనిపిస్తారు. వారిలో మన మొహల్లాల పిల్లలు మాత్రం చాలా తక్కువ. ఎందుకని మన పెద్దలను అడిగితే తరచూ వినిపించే జవాబు ఒకటుంది: "అది తీరిక ఉన్నవాళ్ళ వ్యవహారం, మౌలానా. మనకు నమాజు ఉంది, సంపాదన ఉంది. పిట్టలను చూస్తూ నిలబడితే ఏం వస్తుంది?"

నేటి ప్రసంగం ఆ ప్రశ్న గురించే.

దివ్య ఖుర్‌ఆన్‌లో అల్లాహ్ ఎన్ని చోట్ల మనిషిని "చూడు" అన్నాడో గమనించండి. అన్‌ఆమ్ సూరాలో పైరుల గురించీ, ఖర్జూరం, ద్రాక్ష, ఆలివ్, దానిమ్మల గురించీ చెప్పిన తరువాత, ఆ చెట్టు కాపుకు వచ్చినప్పుడు దాని కాయనూ, అది పండే తీరునూ చూడమని ఆజ్ఞ వచ్చింది. అర్‌రూమ్ సూరాలో, మరణించిన నేలను ఆయన ఎలా బ్రతికిస్తున్నాడో, ఆ కారుణ్యపు జాడలను చూడమన్నాడు. ముల్క్ సూరాను మనలో అనేకులు ప్రతి రాత్రీ పఠిస్తారు. తలపైన రెక్కలు చాస్తూ ముడుస్తూ ఎగిరే పక్షులను వీరు చూడలేదా అని అందులో ప్రశ్న ఉంది. ఆ ఆయతును రాత్రి పఠించి, తెల్లవారి తలెత్తి ఒక్క పక్షినైనా చూడనివాడు ఆ ప్రశ్నకు ఏమని బదులిస్తాడు? కాయ పండే తీరును చూడాలంటే ఆ చెట్టు దగ్గరకు ఒక్కసారి పోతే చాలదు, పూత నాడు ఒకసారి, పిందె నాడు ఒకసారి, పండిన నాడు ఒకసారి పోవాలి. ఈ ఆజ్ఞను పాటించాలంటే తీరిక దొరకడం కాదు, తీరిక చేసుకోవడం కావాలి.

ఇక్కడ ఒక చిన్న మాట. మన రైతులు యాసంగి పంటను రబీ అంటారు, వానాకాలం పంటను ఖరీఫ్ అంటారు. రెండూ అరబీ పదాలే. రబీ అంటే వసంతం, ఖరీఫ్ అంటే శరత్తు. ప్రవక్త (స) నేర్పిన ఒక ప్రార్థనలో, దుఃఖంలో ఉన్న దాసుడు ఖుర్‌ఆన్‌ను తన హృదయానికి 'రబీ'గా చేయమని ప్రభువును వేడుకుంటాడు. నేలను ఎండిపోనివ్వనిదేదో, అటువంటిది తన గుండెకు కావాలని అడుగుతున్నాడన్నమాట. వసంతాన్ని ఎన్నడూ కళ్ళారా చూడనివాడికి ఆ ప్రార్థనలోని రుచి సగమే అందుతుంది.

ఇక ఈ కార్యక్రమాలలో ఏముంటుందో తెలియక సంకోచించేవారి కోసం చెబుతున్నాను. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతటా పక్షుల లెక్కింపు జరుగుతుంది. ఒకచోట కనీసం 15 నిమిషాలు నిలబడి, కంటికి కనిపించిన, చెవికి వినిపించిన పక్షులను రాసుకుని పంపడమే పని. పాండిత్యం అక్కరలేదు, రుసుము లేదు. కాకినీ గోరింకనూ పావురాన్నీ గుర్తుపట్టగలిగిన పదేళ్ళ పిల్లవాడు కూడా పాల్గొనవచ్చు. పుష్పించిన బూరుగు చెట్టు కింద నిలబడితే మధ్య ఆసియా వైపు నుంచి శీతకాలం గడపడానికి వచ్చిన గులాబీ రంగు గోరింకలు గుంపులుగా ఆ పూల తేనె కోసం మూగడం చూడవచ్చు. ఎండలు ముదిరే వేళకు అవి తిరుగుప్రయాణం కడతాయి. వాటికి దారి చూపించినవాడెవడని పిల్లవాడు అడుగుతాడు. తౌహీద్ పాఠానికి అంతకంటే మంచి ఆరంభం ఏ బడిలో దొరుకుతుంది?

ఈ విద్యలో మన దేశానికి దారి చూపిన పేరు సాలిం అలీ. 1896లో బొంబాయిలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టారు. బాల్యంలో తాను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి అదేమి పక్షి అని తెలుసుకోబోయిన కుతూహలమే ఆయన జీవితాన్ని మలిచింది. 1930ల ఆరంభంలో ఆయన చేసిన తొలి పెద్ద సర్వేలలో ఒకటి మన హైదరాబాదు సంస్థానపు పక్షులదే. మన గడ్డ మీద, మన గుట్టలలో తిరిగి పక్షుల వివరాలు రాసుకున్న మనిషి పేరు మన పిల్లలలో ఎందరికి తెలుసు?

సోదరులారా, ఇప్పుడు కొందరికి కష్టంగా తోచే విషయానికి వస్తున్నాను. మన ఇళ్ళల్లో చాలా చోట్ల వరండాలో ఒక పంజరం వేలాడుతూ ఉంటుంది. అందులో ఒక రామచిలుక ఉంటుంది. దానికి మిరపకాయ పెడతాం, సలాం చెప్పడం నేర్పుతాం. ప్రేమ లేదని నేను అనడం లేదు. అడిగితే వెంటనే ఒక హదీసు చెబుతారు. హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌కు ఆడుకునే చిన్న పిట్ట ఒకటి ఉండేది. ప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆ పసివాణ్ణి చనువుగా పలకరించి, నీ పిట్ట ఏమైందని అడిగేవారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. షాఫియీ ధర్మవేత్త ఇబ్నుల్ ఖాస్ ఈ చిన్న హదీసు నుంచి అరవైకి పైగా ప్రయోజనాలను వెలికితీసి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు. తిండీ నీరూ లోటు చేయకుండా పక్షిని ఇంట ఉంచుకోవడానికి అనుమతి ఉందని ధర్మవేత్తలు దీని ఆధారంగానే అన్నారు. ఇది సత్యం. దీన్ని నేను దాచను.

కానీ మరో హదీసు కూడా ఉంది, దాన్ని మనం అంతగా తలచుకోము. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖనం, అబూ దావూద్ గ్రంథంలోనిది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక చిన్న పక్షిని, దాని రెండు పిల్లలను చూశారు. పిల్లలను పట్టుకున్నారు. తల్లి వచ్చి వారి తలలపైన రెక్కలు చాచి అల్లాడసాగింది. ప్రవక్త (స) తిరిగి వచ్చి ఆ దృశ్యం చూసి, బిడ్డల విషయంలో ఈ తల్లిని బాధించినవారెవరని అడిగి, పిల్లలను దానికి తిరిగి ఇచ్చివేయమని ఆజ్ఞాపించారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మన వరండాలోని చిలుక ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి. చిలుకలు చెట్టు తొర్రలలో గూడు పెట్టేది ఈ వసంత మాసాలలోనే. పట్టేవారు చెట్టెక్కి, రెక్కలు రాని పిల్లలను తొర్రలో నుంచి లాగి, బుట్టలలో కుక్కి బజారుకు తెస్తారు. దారిలోనే చచ్చేవి చచ్చిపోతాయి. మిగిలినదాన్ని మనం డబ్బిచ్చి కొని ఇంటికి తెచ్చి ప్రేమగా చూసుకుంటాం. అబూ ఉమైర్ పిట్ట గురించిన అనుమతి ఈ బజారుకు వర్తిస్తుందా? నా అభిప్రాయంలో వర్తించదు. కొనేవాడు లేకపోతే తొర్రలో చెయ్యి పెట్టేవాడుండడు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం నేరం. అల్లాహ్ అవిధేయతకు దారితీయని చట్టాన్ని గౌరవించడం మన బాధ్యత. ఇందులో అవిధేయత లేకపోగా ఒక తల్లి పక్షి హక్కు ఉంది.

ఇది విని ఈ సాయంత్రమే పంజరం తలుపు తెరిచి చిలుకను వదిలేయకండి. ఏళ్ళ తరబడి చేతి మేతకు అలవాటుపడిన పక్షి బయట ఒక్క రోజు కూడా నిలవలేక పిల్లికో డేగకో చిక్కుతుంది. అటవీ శాఖవారిని సంప్రదించి అప్పగించండి. పిల్లలు ఏడుస్తారు. అప్పుడు వాళ్ళను పార్కుకు తీసుకువెళ్ళి, సాయంత్రం చిలుకల గుంపు అరుచుకుంటూ గూటికి చేరే వేళకు పెద్ద చెట్టు కింద నిలబెట్టండి.

పార్కుకు వెళ్ళేవారికి కొన్ని సూచనలు. ప్రజలు నడిచే దారిలోనూ, విశ్రమించే నీడలోనూ మలవిసర్జన చేయడం శాపానికి కారణమని ప్రవక్త (స) హెచ్చరించినట్లు ముస్లిం గ్రంథంలో ఉంది. బిర్యానీ తిన్న ప్లేట్లు, సీసాలు, ఎముకలు అదే నీడలో వదిలి రావడం దాని కంటే ఎంత దూరం? పండుగ మరునాడు పార్కులలో మనం వదిలి వచ్చేదాన్ని తెల్లవారి ఊడ్చేవారు చూస్తారు, ఊడుస్తూ మన గురించి ఒక అభిప్రాయం ఏర్పరచుకుంటారు. దారిలో నుంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ అయితే, ఆ వస్తువును అక్కడ పడేయడం ఏ శాఖ? ప్లాస్టిక్ సంచి తిన్న జింకకు ఫిర్యాదు చేసుకునే నోరు ఈ లోకంలో లేదు.

అక్కడ నమాజు వేళ అయితే నిరభ్యంతరంగా చేసుకోండి, భూమి అంతా మనకు మస్జిదుగా చేయబడింది. అయితే నడిచేవారి దారి మీద కాక, ఒక వారగా, ఎవరికీ అడ్డం రాని చోట. దారికి కూడా హక్కులున్నాయని, చూపు దించడం, బాధ కలిగించకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం వాటిలోనివని ప్రవక్త (స) చెప్పారు.

మన ఆడబిడ్డల విషయంలో కొందరు తండ్రులు వెనకాడుతున్నారు. ప్రవక్త (స) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఒకసారి ఆమె గెలిచారు, మరొకసారి ఆయన గెలిచారు. నాలుగు గోడల మధ్య పరుగు పందెం జరగదు. మర్యాదా, హయా కాపాడుకుంటూ తల్లీ బిడ్డలు కలిసి ఉదయపు గాలిలో నడవడాన్ని ధర్మం ఆపలేదు. ఆపుతున్నది మన అలవాటు.

వచ్చే ఆదివారం ఫజ్ర్ నమాజు తరువాత మన మస్జిదు నుంచి కాలనీ పార్కుకు ఒక నడక ఏర్పాటు చేశాం. పక్షులను గుర్తించగల యువకులు ఇద్దరు మనతో వస్తారు. పిల్లలకు పెన్ను, కాగితం ఇచ్చి పంపండి. ఫోను తేవాలా అని అడిగారు, పెద్దవారి దగ్గర ఒకటి చాలు. నీళ్ళ సీసా ఇంటి నుంచే తెచ్చుకుని, తిరిగి ఇంటికే తీసుకుపోవాలి. మహిళలకు వేరుగా బృందం ఉంటుంది. తిరిగి వచ్చాక మస్జిదు మేడ మీద పక్షుల కోసం మట్టి మూకుళ్ళలో నీరు పెడతాం. దోమలు చేరకుండా రోజూ నీరు మార్చే బాధ్యతను మక్తబ్ పిల్లలు వంతులవారీగా తీసుకున్నారు.

ఈ మాటలు చెప్పి, నా కొరకూ, మీ కొరకూ, విశ్వాసులందరి కొరకూ అల్లాహ్‌ను క్షమాభిక్ష అర్థిస్తున్నాను. మీరూ ఆయనను అర్థించండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.