నీరసం అంటే సెలైన్ కాదు అక్కా!
(మండల సమాఖ్య మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు మాట్లాడినది)

నేను పదో తరగతి వరకే చదివాను, డాక్టర్ని కాదు. మా అత్తగారి విషయంలో మేం చేసిన తప్పు మీరు చేయకూడదని ఈ నాలుగు మాటలు చెప్తున్నాను.

మా అత్త కొల్లేటి వైపు చేపల ప్యాకింగుకి వెళ్లేది. కాళ్లు వాస్తే రోజంతా నిలబడటం వల్ల అనుకున్నాం. మోకాళ్ల నొప్పులకి షాపులో బిళ్లలు కొని వేసుకునేది. రాత్రి పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చునేది. వయసైపోయింది కదా అన్నాం. బాగా నీరసించిందని ఊళ్లోనే సెలైన్ పెట్టించాం. ఆ రాత్రికి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, ఒంటేలు ఆగింది, మాట తడబడింది. 108కి ఫోన్ చేసి ఏలూరు తీసుకెళ్లాం.

డాక్టరు గారు మనకి తెలిసిన మాటల్లోనే చెప్పారు. చేలోకి నీరు తోడే ఇంజను బలం తగ్గితే ఏమవుతుంది? అవతల చివరి మడికి నీరందదు, ఇవతల బోదెలో నీరు నిలిచిపోతుంది. గుండె కూడా అంతే. ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం తోడాలి. అది తగ్గితే ఒళ్లు చల్లబడటం, నీరసం, ఒంటేలు తగ్గడం. వెనక నిలిచిన నీటివల్ల వాపు, ఆయాసం. అలాంటి ఒంట్లోకి మేం ఇంకా సెలైన్ ఎక్కించాం!

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు, నీరు తీసే ఇంజక్షన్ ఇచ్చారు, గుండెకి బలమిచ్చే మందు చుక్కచుక్కగా ఎక్కించారు. అత్త బతికింది. రెండు నెలలకి బాగానే ఉన్నానని, డబ్బు దండగని మాకు చెప్పకుండా బిళ్లలు మానేసింది. మళ్లీ ఆసుపత్రే. ఈసారి సంఘం అప్పు తీసుకోవాల్సి వచ్చింది.

గుండె ఎందుకు బలహీనపడుతుంది? ఎక్కువమందికి అదుపులో లేని బీపీ, షుగరు, అంతకుముందు వచ్చిన గుండెపోటు. కొందరికి చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవుతాయి. కొందరు ఆడవాళ్లకి నెలలు నిండేటప్పుడో, కాన్పయ్యాక 5 నెలల లోపో వస్తుంది. అందుకని బాలింతకి ఆయాసం వస్తే "బాలింత నీరసం" అని ఊరుకోకండి. కారణాన్ని బట్టి వైద్యం. కొందరికి బిళ్లలు చాలు, కొందరికి కవాటం ఆపరేషనో, పేస్‌మేకరో కావాలి. అలాంటప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవలో వర్తిస్తుందేమో ఆసుపత్రిలో అడగండి.

ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి:

బాగున్నా సరే, డాక్టరు చెప్పకుండా బిళ్లలు ఆపొద్దు.

ఉప్పు చేప, ఎండు రొయ్యలు, ఆవకాయ మనకి ప్రాణమే. కానీ ఆ కంచంలో వేయొద్దు.

నొప్పి బిళ్లలు సొంతంగా కొనొద్దు. అవి ఒంట్లో ఉప్పునీ నీటినీ ఆపేస్తాయి.

రోజూ పొద్దున్నే బరువు చూడండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే డాక్టరుకి చూపించండి.

ఒళ్లు చల్లబడి, ఒంటేలు తగ్గి, మనిషి మత్తుగా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. ఏలూరో, తాడేపల్లిగూడెమో, ఏది దగ్గరైతే అక్కడికి 108లో వెళ్లండి.

చివరగా ఒక్క మాట. ప్రతి గ్రామ సంఘంలో ఒక బరువు మిషను కొని పెడదాం. మీటింగు రోజు పొదుపు పుస్తకంతో పాటు బరువు, బీపీ కూడా రాసుకుందాం. వాయిదా ఒక నెల తప్పితే మరుసటి నెల కట్టుకోవచ్చు. మనిషి పోతే తిరిగి రాదు.