మంచం పక్కన ఇద్దరాడే ఆటలు
(రోగుల సహాయకుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ వేళ నేను బి.పి. గురించో షుగరు గురించో చెబుతానని మీరు వచ్చి ఉంటారు. వాటి గురించి మా డాక్టరుగార్లు వచ్చే వారాల్లో చెబుతారు. నేను మాత్రం ఆటల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. నవ్వకండి. మీలో చాలామంది వారం రోజులుగా, కొందరు నెల రోజులుగా ఇక్కడే ఉంటున్నారు. పొద్దున నుంచి సాయంత్రం దాకా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని గోడ గడియారం చూస్తుంటారు. మంచం మీద ఉన్నవారేమో పైనున్న ఫ్యాను చూస్తుంటారు. ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోవాలో తెలియదు. మాట్లాడితే జబ్బు మాటే, లేకపోతే డబ్బు మాటే.

ఆసుపత్రిలో చేరిన మనిషికి రోజు ఎలా గడుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. తెల్లవారుజామునే మేము లేపి జ్వరం చూస్తాము. ఏం తినాలో డాక్టరుగారు చెబుతారు. స్నానం ఎప్పుడో మేము చెబుతాము. ఎవర్ని చూడనివ్వాలో మీరు నిర్ణయిస్తారు. ఇంటి దగ్గర పదిమందికి పని చెప్పి చేయించిన మనిషి ఇక్కడ చేయి చాపమంటే చాపాలి, పక్కకు తిరగమంటే తిరగాలి. పది రోజులు ఇలా గడిచాక "ఏం తింటావు నాన్నా?" అని అడిగితే "నీ ఇష్టం" అంటారు. మీరు అది మంచితనం అనుకుంటారు. ఇరవై ఏళ్ల నుంచి వార్డుల్లో తిరుగుతున్న నాకు ఆ మాట వింటే దిగులేస్తుంది. ఆ మనిషి తన ఇష్టాన్ని పక్కన పెట్టేశారన్నమాట.

ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే చిన్న ఆటలో రోగికి తిరిగి దొరికేది అదే. ఏ గింజ తీయాలి, ఏ మేకను ఎక్కడ దించాలి అన్నది వారు స్వయంగా ఆలోచించుకోవాలి. వారు ఎత్తు వేసేదాకా మీరు ఆగాలి. ఆ అరగంట మీరు సహాయకులు కారు, వారు రోగి కారు. ఇద్దరూ ఆటగాళ్లే.

ఆటతో జబ్బు తగ్గుతుందని నేను చెప్పడం లేదు. అలా ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ వయసు మళ్లినవారి విషయంలో డాక్టర్లు గమనించినది ఒకటుంది. పెద్దవాళ్లు ఆసుపత్రిలో ఉండగా ఉన్నట్టుండి మతి తడబడటం మీరు చూసే ఉంటారు. పగలు రాత్రి తేడా తెలియదు, సెలైను గొట్టం పీకేస్తారు, కొడుకును పట్టుకుని "ఎవరు నువ్వు?" అంటారు. దీన్ని డెలీరియం అంటారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వైద్యులు 70 ఏళ్లు, ఆ పైబడిన 852 మంది రోగులను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించారు. మామూలు వైద్యం అందినవారిలో 100కి 15 మందికి ఇలా మతి తడబడింది. కొంత ప్రత్యేక శ్రద్ధ తీసుకున్నవారిలో 100కి సుమారు 10 మందికే వచ్చింది. ఆ శ్రద్ధ ఏమిటంటే రాత్రి నిద్ర చెడకుండా చూడటం, కళ్లద్దాలు, చెవి మిషను అందుబాటులో ఉంచడం, నీళ్లు సరిగా తాగించడం, లేపి నడిపించడం, రోజూ కబుర్లతో, మాటల ఆటలతో మనసుకు పని కల్పించడం. ఆట అందులో ఒక చిన్న భాగం మాత్రమే. అయితే మీ చేతిలో ఉన్న భాగం అది. ఇంకొక మాట. ఉదయం బాగా మాట్లాడిన మనిషి సాయంత్రానికి తికమకగా మాట్లాడితే ఆటతో సరిచేద్దామని చూడకండి. వెంటనే మమ్మల్ని పిలవండి.

ఇక ఏ ఆటలు? చదరంగం గొప్ప ఆటే గాని, నీరసంగా ఉన్నవారికి బరువు. వైకుంఠపాళి మరీ తేలిక, పాచిక ఎలా పడితే అలా వెళ్లడమే, ఆలోచించాల్సింది ఏమీ లేదు. పిల్లలకు బాగుంటుంది. మనకు ఆ రెండింటికీ మధ్యవి కావాలి. అవి కొనుక్కోనక్కర లేకుండా మన ఊళ్లలోనే ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వామన గుంటలు. ఇటు 7, అటు 7, మొత్తం 14 గుంటలు. చెక్కపీట లేకపోతే దళసరి అట్ట మీద సున్నాలు చుట్టినా సరిపోతుంది. (గుడ్ల అట్ట బాగుంటుందని కొందరు తెస్తారు. పచ్చిగుడ్డు అంటిన అట్టను దయచేసి వార్డులోకి తేకండి.) గుంటకు 4 చొప్పున చింతగింజలు వేయాలి. కొన్ని ఊళ్లలో 5, 6 కూడా వేస్తారు. మీ వైపు గుంటల్లో ఒకదానిలోని గింజలన్నీ తీసి, వరుసగా గుంటకొకటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే తరువాతి గుంటలోవి తీసి మళ్లీ సాగించాలి. ఆ తరువాతి గుంట ఖాళీగా ఉంటే దాన్ని చేత్తో తుడిచి, దాని పక్క గుంటలో ఉన్నవి మీరు తీసేసుకోవచ్చు. అక్కడితో మీ వంతు అయిపోయింది. పక్కది కూడా ఖాళీ అయితే మీకేమీ రాదు. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ గింజలుంటే వారిదే గెలుపు. వినడానికి అదృష్టం ఆటలా ఉంటుంది గాని, ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో లెక్క వేసుకునేవారు గెలుస్తారు.

పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారికి ఈ ఆట చాలా అనువైనది. గింజను రెండు వేళ్లతో పట్టుకోవడం, ఒక్కటే వదలడం చిన్న పని కాదు. వ్యాయామం చేయించేటప్పుడు "ఇంకోసారి, ఇంకోసారి" అంటే విసుక్కునేవారు ఆటలో తెలియకుండానే యాభైసార్లు ఆ పని చేస్తారు. బలహీనంగా ఉన్న చేతితో ఆడించాలా, అట్టను ఏ వైపు పెట్టాలా అన్నది మాత్రం ఫిజియోథెరపిస్టును అడిగి చేయండి. మాట పడిపోయినవారిలో కొందరికి పేర్లు పలకడం రాకపోయినా ఒకటి, రెండు, మూడు అని వరుస అంకెలు వస్తాయి. గింజ వేస్తూ మీరు పైకి లెక్కపెట్టండి. వారు గొంతు కలిపితే కలుపుతారు, లేకపోతే లేదు. బలవంతం చేయవద్దు.

పులి-మేక మీకు చెప్పాల్సిన పని లేదనుకుంటాను. పాత గుళ్ల మండపాల్లో రాతి నేల మీద చెక్కిన పటాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకరికి 3 పులులు, ఇంకొకరికి 15 మేకలు. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి. అన్నీ దిగేదాకా దిగిన మేక కదలకూడదు. పులి పక్కనున్న మేక మీదుగా దూకి అవతలి ఖాళీ చోట పడితే ఆ మేక పోయినట్టే. పులులన్నీ ఎటూ కదలలేకుండా చేస్తే మేకలు గెలిచినట్టు. చొక్కా గుండీలు పులులు, చింతగింజలు మేకలు. మొదటిసారి ఆడేవారందరూ పులులే కావాలంటారు. నిజానికి మేకల వైపే మజా. తొందరపడకుండా, వెనక చోటు ఖాళీ లేకుండా చూసుకుంటూ ఒక్కో మేకను దించాలి. తుంటి ఎముక విరిగి ఆరు వారాలు మంచం మీదే ఉన్న ఒక పెద్దాయన ఎప్పుడూ మేకలే తీసుకునేవారు. "పులికి ఆకలెక్కువ సిస్టరమ్మా, అదే దాన్ని పడేస్తుంది" అనేవారు.

మీకు పటం గీయడం రాకపోతే ఇంకా మంచిది. మంచం మీదున్న వారినే గీయమనండి. నేర్పమనండి. మనవడికి రాని విద్య తాతకు వచ్చునని తెలిసినప్పుడు ఆ తాత దిండుకు ఆనుకుని ఎంత నిటారుగా కూర్చుంటారో చూడండి.

దాడి ఆట, అష్టా చెమ్మా కూడా ఇద్దరు హాయిగా ఆడుకోవచ్చు. దాడిలో చెరి 9 కాయలు, మూడు ఒకే గీత మీద వస్తే ఎదుటివారి కాయ ఒకటి తీసేయడం. అష్టా చెమ్మాలో గవ్వలు పడటం అదృష్టమే అయినా, ఏ కాయను నడపాలన్నది మన తెలివి. ఇనుప లాకరు మీద గవ్వలు వేయకండి, పక్క మంచం వారు ఉలిక్కిపడతారు. తువ్వాలు పరిచి వేయండి. ఇవన్నీ సెల్‌ఫోనులో కూడా ఉన్నాయని పిల్లలు చెబుతారు. ఉండవచ్చు. ఫోనుతో ఒంటరిగా ఆడేవారి ముఖం ఫోనులోకే ఉంటుంది. నేను చెప్పేది ఎదుటి మనిషి ముఖం చూస్తూ ఆడే ఆట.

ఇప్పుడు మీరు అందరూ చేసే పని ఒకటి చెబుతాను. రోగి కదా, బాధపడతారేమోనని కావాలని ఓడిపోతారు. అలా చేయవద్దు. జబ్బు ఒంటికి వచ్చింది గాని తెలివికి రాలేదు. కోడలు కావాలని ఓడిపోయిందని అత్తగారు మూడో ఎత్తుకే కనిపెడతారు. ఇక ఆడరు. "నేను అంత పనికిరానిదాన్నయ్యానా" అని లోపల అనుకుంటారు. వారు నిజంగా మీకంటే బలహీనంగా ఆడుతుంటే ముందే చెప్పి తేడా పెట్టుకోండి. "అత్తయ్యా, నేను రెండు మేకలు తగ్గించుకుని ఆడతాను" అనండి. వైపులు మార్చుకోండి. ఆ తరువాత ఇద్దరూ గెలవడానికే ఆడండి. ఓడినా పరవాలేదు, గౌరవంగా ఓడతారు.

డయాలిసిస్ చేయించుకునేవారి బంధువులు కొందరు ఇక్కడ ఉన్నారు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు కదలకుండా ఉండటం ఎంత కష్టమో మీకు తెలుసు. సూదులున్న చేయి కదపకూడదు గనుక అట్టను రెండో చేతి వైపు పెట్టండి. మధ్యలో ఆవులింతలు, చెమటలు, కళ్లు తిరగడం, కాళ్లు కొంకర్లు పోవడం మొదలైతే బి.పి. పడిపోతుండవచ్చు. ఆట ఆపి సిస్టరును పిలవండి.

ఐ.సి.యు.లో ఉన్నవారికి, తలకు దెబ్బ తగిలినవారికి, కొత్తగా గుండెపోటు వచ్చినవారికి, కంటి ఆపరేషను అయినవారికి డాక్టరుగారు సరే అన్న తరువాతే ఆట. రెండు గంటలకొకసారి పక్క మార్చాల్సినవారు ఉంటే "ఈ ఒక్క ఎత్తు ఉండండి సిస్టర్" అని మమ్మల్ని ఆపకండి. ఆ ఒక్క ఎత్తు అరగంట అవుతుంది, ఈలోగా నడుము కింద చర్మం కమిలిపోతుంది. రాత్రి ఎనిమిది దాటాక ఆటలు వద్దు. పైసా పందెం కూడా వద్దు. వరండాలో కొందరు పేక ముక్కలు పట్టుకుని ఏం చేస్తున్నారో మాకు తెలుసు. మందులకు తెచ్చిన డబ్బు అలా పోతే ఇంట్లో ఏం చెబుతారు?

ఆటకు ముందు, తరువాత ఇద్దరూ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఒక మంచం గింజలు ఇంకో మంచానికి ఇవ్వకండి. విడిగా ఉంచిన రోగి దగ్గర కాగితం మీదే ఆడండి, తరువాత ఆ కాగితం, గింజలు మేము చెప్పిన బుట్టలో వేయండి.

గింజల గురించి ఇది మాత్రం మరిచిపోకండి. ఎర్రగా, నల్ల చుక్కతో అందంగా ఉంటాయని కొందరు గురివింద గింజలు తెస్తారు. పూర్వం వామన గుంటలకు వాడేవారు కూడా. అవి విషం. పై తొక్క గట్టిది గనుక చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు గాని, నమిలి మింగితే లోపలి అబ్రిన్ అనే విషం ప్రాణం తీయగలదు. ఆముదం గింజలూ అంతే. రెంటికీ విరుగుడు మందు లేదు. రోగిని చూడటానికి వచ్చిన చిన్నపిల్లలు ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటారు. ఒకవేళ ఎవరైనా మింగితే వాంతి చేయించాలని చూడకుండా, మిగిలిన గింజలు చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి. చింతగింజ విషం కాకపోయినా పసిపిల్లల ముక్కులోకి, గొంతులోకి పోతే ప్రమాదమే. కాబట్టి ఆట అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేసి మూత పెట్టండి. ఒకటి తగ్గితే మంచం కింద వెతికి తీయండి. నేల మీద గింజ మీద కాలు వేసి పెద్దవాళ్లు జారితే ఇంకో ఎముక విరుగుతుంది.

పోయినసారి ఒకమ్మ అడిగారు, "మా ఆయన ఏ ఆటా వద్దంటున్నారు సిస్టర్, ఏం చేయమంటారు?" అని. వద్దంటే వద్దు. వారికి నొప్పి ఉండవచ్చు, నిద్ర చాలకపోవచ్చు, మనసు బాగుండకపోవచ్చు. చాలా రోజులు దేని మీదా ఆసక్తి లేకుండా, తిండి నిద్ర కూడా తగ్గితే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాలి, అది కూడా జబ్బే. లేకపోతే మీరూ మీ అబ్బాయీ వారికి కనబడేలా కూర్చుని నెమ్మదిగా ఆడుకోండి. పిలవకండి. రెండో రోజో మూడో రోజో "ఆ మేకను అక్కడ పెట్టావేంట్రా" అని మంచం మీద నుంచి ఒక మాట వస్తుంది. అప్పుడు అబ్బాయిని లేచి చోటివ్వమనండి.

పులి-మేక పటాలు అట్ట మీద గీసి నర్సుల బల్ల దగ్గర ఉంచాము. కావలసినవారు అడిగి తీసుకోండి. గింజలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.