నది నడుస్తుంటేనే చేప
(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం బకాయిల గురించి ఇప్పటికే ముగ్గురు మిత్రులు మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం కులు యాత్ర గురించి చెప్పమన్నారు. నేను చేప గురించి చెబుతాను. నవ్వకండి. నేను పుట్టు శాకాహారిని, చేప రుచి ఎరుగను. కానీ నీటిపారుదల శాఖలో ముప్పయ్యేళ్లకు పైగా గేజి రీడింగులు రిజిస్టర్లలో ఎక్కించిన గుమాస్తాను గనుక నీటి సంగతి కొంత ఎరుగుదును.

2018 మే నెలలో ఢిల్లీలో ఉన్న మా అబ్బాయి నన్నూ, మా ఇంటావిడనూ, మనవడినీ హిమాచల్ ప్రదేశ్ తీసుకువెళ్లాడు. తీర్థన్ లోయలో ఏటి ఒడ్డున ఒక ఇంట్లో మూడు రోజులున్నాం. అక్కడికి గాలాలు పట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వారు వెదికేది ట్రౌట్ చేప. ఇది మన దేశపు చేప కాదు. తెల్లదొరలు తమ వేట సరదా కోసం 1900 ప్రాంతంలో కాశ్మీరుకూ, 1909లో కులుకూ తెచ్చారు. ఈనాడు ఆ చేప పేరు మీద అక్కడ ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. గదులు అద్దెకిచ్చేవారు, వంటవారు, జీపు డ్రైవర్లు, దారి చూపే కుర్రాళ్లు, అందరికీ అదే ఆధారం.

ఈ చేపకు చల్లని, తేటయిన, పరుగెత్తే నీరు కావాలి. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది. చలికాలంలో ఆడ చేప గులకరాళ్లలో గుంట చేసి గుడ్లు పెడుతుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అక్కడ ట్రౌట్ వేట నిషేధం.

చిక్కంతా ఇక్కడే ఉంది. కొండల్లో మంచు కరగక ఏటిలో నీరు బాగా తగ్గేది కూడా ఆ నెలల్లోనే. ఆ కొద్ది నీటినీ సొరంగంలోకి మళ్లించి కరెంటు తీస్తే, మధ్యలో కొన్ని మైళ్ల ఏరు ఎండిపోతుంది. రాళ్లలోని గుడ్లూ ఎండిపోతాయి. వేటగాణ్ణి చట్టం ఆపింది. కానీ నీరే లేకపోతే ఆ చట్టం ఎవరిని కాపాడుతుంది? ఈ కారణంగానే మళ్లింపు దిగువకు కనీసం 15 శాతం నీరు వదలాలని హిమాచల్ ప్రభుత్వం నిబంధన పెట్టింది. తీర్థన్ మీద తలపెట్టిన విద్యుత్ ప్రాజెక్టులనైతే స్థానికుల పోరాటం ఫలితంగా రద్దు చేశారు. ఆ వాదనలో ట్రౌట్ చేప ఒక పెద్ద సాక్షి.

డ్యాములన్నీ చేపకు శత్రువులని నేననను. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో పెద్ద డ్యాముల అడుగు నుంచి వదిలే చల్లని నీటివల్ల, ట్రౌట్ ఎన్నడూ లేని నదులు ట్రౌట్ నదులయ్యాయి. అయితే అదే చల్లదనానికి అక్కడి పాత చేపలు నిలవలేకపోయాయి. ఒకరికి లాభమైనది మరొకరికి నష్టమైంది. మన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది, పులస ఎదురీతకు అడ్డమూ అయింది. రెండూ నిజమే.

నా రిజిస్టరు సంగతి ఒకటి చెప్పాలి. మేము రోజుకు ఒక సగటు అంకె వేసేవాళ్లం. నది పగలంతా చిక్కిపోయి, సాయంత్రం దీపాల వేళ కరెంటు కోసం రెండు గంటలు పొంగినా ఆ సగటు మారదు. కాగితం మీద నది నిండుగానే ఉంటుంది. ఒడ్డున ఉన్న చేప పిల్ల మాత్రం కొట్టుకుపోతుంది.

చేప పిల్లలే కాదు. తీర్థన్ వచ్చి బియాస్‌లో కలిసే చోటు లార్జీ. అక్కడ డ్యాము ఉంది. 2014 జూన్ 8 సాయంత్రం ఆ దిగువన, తలోట్ దగ్గర, హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు రాళ్ల మీద ఫొటోలు తీసుకుంటుండగా, డ్యాము నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఆ కుటుంబాలకు 20 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని 2016లో హిమాచల్ హైకోర్టు తీర్పు చెప్పింది. మా జీపు ఆ దారిన వెళ్తుంటే మనవడు "తాతా, దిగి నీళ్లలో ఆడుకుందామా?" అని అడిగాడు. నీరు మోకాలి లోతు కూడా లేదు. మా ఇంటావిడ వాడి చేయి గట్టిగా పట్టుకుంది. నాకు నోట మాట రాలేదు.

కనుక మిత్రులారా, మీ పిల్లలు, మనవలు యాత్రలకు వెళ్తుంటే ఒక్క మాట చెప్పండి. ఎగువన డ్యాము ఉన్న నదిలో నీరు తక్కువగా ఉందని దిగవద్దు. సైరన్ వినబడలేదని ధైర్యపడవద్దు. స్థానికులను అడగండి. ఉన్నపాటున బండలు తడవడమో, నీరు బురదగా మారడమో కనబడితే సామాను వదిలేసి ఒడ్డెక్కండి.

ఇక నదిని ఏలేవారికి నా మనవి ఒక్కటే. ఏటా మనం బ్రతికే ఉన్నామని ధ్రువపత్రం ఇస్తేనే మనకు పెన్షను. నది బ్రతికి ఉందని ఆ కొండల్లో ధ్రువపత్రం ఇచ్చేది ఈ ట్రౌట్ చేప. అది సంతకం పెట్టడం మానేసిన నాడు, రిజిస్టరులో అంకె ఎంత ఉన్నా ప్రయోజనం లేదు.