అష్టకోణ ముద్ర: ఎం.జి. కార్ల చరిత్ర



ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు నగరము విద్యకు ప్రసిద్ధి. ఆ నగరముననే సైకిళ్లు బాగుచేయుచు జీవనము ప్రారంభించిన విలియం మారిస్ క్రమముగా మోటారు కార్ల నిర్మాతయై, పిమ్మట నఫీల్డు ప్రభువుగా ఖ్యాతి గాంచెను. ఆయన స్థాపించిన మోటారు వ్యాపారమునకు మారిస్ గ్యారేజెస్ అని పేరు. ఎం.జి. అను రెండక్షరములు ఆ పేరునుండి పుట్టినవే.

1922లో సెసిల్ కింబర్ ఆ సంస్థకు జనరల్ మేనేజరయ్యెను. మారిస్ కారు గట్టిది, చవకైనది. కాని చూపునకు సొగసు, నడకకు చురుకు తక్కువ. కింబర్ క్రొత్త యంత్రమేదియు కనిపెట్టలేదు. ఉన్న చట్రమునే గైకొని, స్ప్రింగులను సవరించి, తేలికయైన అందమైన పైభాగమును అమర్పించెను. ఎనిమిది కోణముల గడిలో రెండక్షరములు గల ముద్ర ఆ కార్లకు గుర్తు అయ్యెను.

ఆ కాలమున వేగముగల కారు శ్రీమంతుల సొత్తు. 1928లో లండనులోని ఒలింపియా ప్రదర్శనమున కింబర్ మిడ్జెట్ అను చిన్న కారును ప్రవేశపెట్టెను. ఇరువురు కూర్చుండు ఆ కారునకు 847 ఘన సెంటీమీటర్ల ఇంజను. వెల 175 పౌనులు. సామాన్యుడైన ఉద్యోగి సైతము దానిపై ఆశపడగలిగెను. 1929లో కర్మాగారము సమీపమున నున్న అబింగ్డన్ పట్టణమునకు, ఒక పాత తోళ్ల కర్మాగారపు భవనములకు తరలెను. 1933లో ఇటలీ దేశపు మిల్లె మిలియా పందెమున ఎం.జి. కార్లు తమ తరగతిలో గెలిచినవి.

1935లో ఎం.జి. సంస్థ మారిస్ మోటార్సులో కలిసెను. పందెపు కార్ల నిర్మాణము నిలిచెను. 1941లో కింబర్ పదవినుండి తొలగింపబడెను. 1945 ఫిబ్రవరిలో లండనులో జరిగిన రైలు ప్రమాదమున ఆయన మరణించెను. ఆ యేడే వెలువడిన టి.సి. కారు సముద్రములు దాటి అమెరికాలో అభిమానులను సంపాదించుటను ఆయన చూడలేదు. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. లక్షకు పైగాను, 1962లో వచ్చిన ఎం.జి.బి. అయిదు లక్షలకు పైగాను తయారైనవి.

1968 నుండి యాజమాన్యము బ్రిటిష్ లేలాండు సంస్థది. పౌను విలువ పెరుగుటచే అమెరికాలోని అమ్మకము నష్టకరమయ్యెను. 1979 సెప్టెంబరులో అబింగ్డన్ ప్రజలు ఏబది సంవత్సరముల ఉత్సవమును వైభవముగా జరుపుకొనిరి. ఉత్సవపు సందడి అణగకమునుపే ఎం.జి. కార్ల నిర్మాణము అచ్చట నిలిపివేయబడునను ప్రకటన వెలువడెను. పనివారును అభిమానులును ఆందోళన చేసిరి, ఫలింపలేదు. 1980 అక్టోబరులో కర్మాగారము మూతపడెను.

పేరు మాత్రము చేతులు మారుచు వచ్చెను. 2005లో ఎం.జి. రోవర్ సంస్థ కూలిపోగా, చైనా దేశపు నాన్జింగ్ సంస్థ దానిని కొనెను. 2019 నుండి గుజరాతులోని హలోల్‌లో తయారై మన రహదారులపైకి వచ్చిన ఎం.జి. కార్లపై నున్నది ఆ అష్టకోణ ముద్రయే. ముద్ర అదే గాని, అబింగ్డన్ పనివారి చేతులు వానియందు లేవు.

అయినను ఆ పాత కార్లు నశింపలేదు. 1930లో ఏర్పడిన ఎం.జి. కార్ క్లబ్ నేటికిని పనిచేయుచున్నది. ఎం.జి.బి. పైభాగములు 1988 నుండి పాత అచ్చులతో మరల తయారైనవి. వానిని నిలిపినది యాజమాన్యము కాదు. వాడుకొనుచు, అరిగిన భాగమును మార్చుకొనుచు, తెలిసిన పనిని పిన్నలకు నేర్పుచు వచ్చిన సామాన్యులే. ఉత్సవము సంస్థకు అలంకారము. నిత్యము వాడుకొనువారే దానికి ఆయువు.