సగము మాత్ర

నెల మొదటి వారమున బియ్యము, పప్పుల పట్టికతోపాటు మందుల చీటీయు మన ఇండ్లలో బయటికి వచ్చును. రక్తపోటు, మధుమేహము వంటి వ్యాధుల మందులు వారము రోజులతో ముగియునవి కావు. ఏండ్ల తరబడి వాడవలసినవి. అట్టిచో పెద్ద మాత్ర కొని రెండుగా చేసి వాడిన లాభము కదా అను ప్రశ్న పుట్టుట సహజమే.

లెక్క చూతము. 5 మిల్లీగ్రాముల మాత్ర 2 రూపాయలనియు, 10 మిల్లీగ్రాములది 3 రూపాయలనియు అనుకొందము. దినమునకు 5 మిల్లీగ్రాములు వాడువారికి నెలకు 30 చిన్న మాత్రలైనచో 60 రూపాయలు; 15 పెద్ద మాత్రలైనచో 45 రూపాయలు. పెద్దదాని వెల సరిగా రెట్టింపైనచో మాత్రము మిగులు లేదు. కావున ముందు వెల అడుగవలెను.

అన్ని మాత్రలును విరువదగినవి కావు. పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్. అను అక్షరములున్న మందు దినమంతయు కొద్దికొద్దిగా విడుదల కావలసినది. ఈ తరహా నిఫెడిపిన్ మాత్రను విరిచినచో మందంతయు ఒక్కసారి రక్తములో చేరి, రక్తపోటు హఠాత్తుగా పడిపోవచ్చును. పాంటప్రజోల్ వంటి మాత్రలకు, కడుపులోని ఆమ్లము తగులకుండ పైపూత వేయుదురు. విరిచిన ఆ రక్షణ పోవును. గొట్టము మాత్రలను తెరువరాదు. రక్తము గడ్డకట్టకుండ ఇచ్చు వార్ఫరిన్ వంటివి కొంచెము హెచ్చుతగ్గులైనను ప్రమాదము. వైద్యుడు స్వయముగా చెప్పిననే తప్ప వానిని ముట్టరాదు. నడుమ గీత ఉన్న మాత్రను సైతము అడిగియే విరువవలెను.

విరుచునపుడు కూరల కత్తి పనికిరాదు. మాత్రలు కోయు చిన్న పెట్టె మందుల దుకాణములలో దొరకును. నెల మాత్రలన్నియు ఒకేమారు కోసి ఉంచినచో గాలికి, తేమకు చెడును. ఒకటి కోసి, దాని రెండు సగములును వాడిన పిమ్మటనే మరియొకటి కోయవలెను.

ఇంతవరకు చెప్పినది మాత్రను సగము చేయుటను గూర్చి. మోతాదును సగము చేయుట వేరు. పింఛనుపై బ్రతుకు తండ్రి, కొడుకునకు భారము కారాదని, వైద్యుడు వ్రాసిన మాత్రనే రెండుగా చేసి మ్రింగును. “నాకేమి నలతగా లేదు నాయనా” అనును. రక్తపోటు తరచుగా నొప్పి చూపదు. పక్షవాతము వచ్చినపుడే తెలియును. ఈ సంగతి ఎరుగని వైద్యుడు, పోటు తగ్గలేదని మోతాదు పెంచును. మిగిల్చిన రూపాయలు ఆసుపత్రి పాలగును.

డబ్బు చాలదని వైద్యునితో చెప్పుట సిగ్గుపడవలసిన విషయము కాదు. అదే మందు తక్కువ వెలకు వ్రాయుమని అడుగవచ్చును. 2008లో మొదలైన జన ఔషధి దుకాణములను విచారింపవచ్చును.

నేడే మీ ఇంటి పెద్దల మందుల డబ్బా తెరచి చూడుడు. నెలకు సరిపడు మాత్రలు రెండు నెలలు వచ్చుచున్నచో, పొదుపని సంతోషింపకుడు. ప్రక్కన కూర్చుండి, మెల్లగా కారణమడుగుడు.