స్మార్ట్ సిటీలు ఎంతవరకు వచ్చాయి? మనం ఏం అడగాలి?

(పళ్ళిపట్టులో జరిగిన మిల్లు, మరమగ్గాల కార్మికుల సమావేశంలో సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



నైట్ షిఫ్టు దిగి, కళ్ళు మండుతున్నా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎక్కువసేపు మాట్లాడను. పోయిన సమావేశంలో ఒక తమ్ముడు లేచి, "అన్నా, స్మార్ట్ సిటీ, స్మార్ట్ మీటరు అంటున్నారే, దాంతో మగ్గం తొక్కేవాడికి ఏం పని?" అని అడిగాడు. ఆ రోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తెలుసుకుని వచ్చాను.

2015 జూన్ 25న కేంద్ర ప్రభుత్వం స్మార్ట్ సిటీ పథకం ప్రారంభించింది. 100 నగరాలు, కేంద్రం వాటా 48,000 కోట్ల రూపాయలు, గడువు ఐదేళ్ళు అన్నారు. ఐదేళ్ళు అయిపోయాయి, పని కాలేదు. గడువు 2023 జూన్ అన్నారు, తర్వాత 2024 జూన్ అన్నారు, చివరికి 2025 మార్చి 31తో పథకం ముగించారు. 8 వేలకు పైగా పనుల్లో చాలావరకు పూర్తయ్యాయని లెక్క చూపించారు. నూరు నగరాల్లోనూ కెమెరాలు, తెరలు ఉన్న కంట్రోలు రూములు వచ్చాయి. చేసిన పనిని చేయలేదని మనం అనకూడదు. కానీ ఆ తెరల ముందు కూర్చున్నవాడికి ఏం కనబడుతోంది, ఏం కనబడటంలేదు అన్నదే మన ప్రశ్న.

మన చుట్టూ చూడండి. ఉత్తరాన తిరుపతి, తూర్పున చెన్నై, పడమట వేలూరు, మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. నడుమ ఉన్న మన పళ్ళిపట్టు టౌన్ పంచాయతీకి అందులో చోటు లేదు. పోనీ, చోటు దొరికినవాళ్ళ సంగతి ఏమిటి? తిరుపతిలో గరుడ వారధి పేరుతో మొదలైన పెద్ద వంతెన పేరు మారి, శ్రీనివాస సేతు అయి, 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అమరావతిని 2017లో జాబితాలో చేర్చారు. 2019లో ప్రభుత్వం మారాక రాజధాని పనులే ఆగిపోయాయి, మళ్ళీ 2024లో ఊపందుకున్నాయి. చెన్నై టి.నగర్‌లో స్మార్ట్ సిటీ డబ్బుతో రోడ్లు అందంగా చేశారు. 2021 నవంబరు వానకు అదే టి.నగర్ నీళ్ళలో మునిగింది.

మన దేశంలోనే ఇట్లా అనుకోవద్దు. కెనడాలో టొరంటో నగరంలో గూగుల్ వాళ్ళ సోదర కంపెనీ 2017లో ఒక స్మార్ట్ పేట కడతామంది. జనం సమాచారం ఎవరి చేతిలో ఉంటుందని అక్కడివాళ్ళు నిలదీశారు. డబ్బు లెక్క కూడా కుదరలేదు. 2020 మేలో కంపెనీ ఆ పని వదిలేసింది.

ఇప్పుడు నా అనుభవం ఒకటి చెబుతాను. నేను మిల్లులో రింగ్ ఫ్రేము మీద సైడరుగా ఉండగా ఫ్రేములకు కంప్యూటరు తగిలించారు. ఫ్రేము ఎన్ని నిమిషాలు ఆగిందో అది ఆఫీసుకు చెబుతుంది. ఎందుకు ఆగిందో చెప్పదు. కరెంటు పోయినా, రోవింగ్ బాబిన్లు అందకపోయినా, డాఫర్లు తక్కువైనా దాని లెక్క ఒకటే: సైడరు ఫ్రేము ఆపాడు. నెల తిరగకముందే పదిమందికి మెమోలు వచ్చాయి, అందులో నాదొకటి. మేము మిషను పగలగొట్టలేదు. ఆగిన కారణం కూడా రాయాలి, ఆ కాగితం మాకూ చూపించాలి అని కూర్చున్నాం. మూడు నెలలు పట్టింది. షిఫ్టు పుస్తకంలో కారణం రాసి జాబరు సంతకం పెట్టేటట్టు ఒప్పుకున్నారు. మెమోలు ఆగాయి.

ఆ పాఠమే ఇక్కడా పనికొస్తుంది. నాగపూర్, చండీగఢ్ నగరాల్లో పారిశుద్ధ్య కార్మికుల చేతికి వాళ్ళు ఎక్కడున్నారో చూపించే గడియారాలు కట్టారు. చీపురు పట్టినవాడి కదలిక తెర మీద కనబడుతుంది. వాడి చేతికి గ్లౌజులు లేవన్నది కనబడదు.

ఇక మన షెడ్డుకు వద్దాం. దేశమంతా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు 2025 మార్చికి బిగిస్తామన్నారు. గడువు నాటికి ఎక్కువ భాగం మిగిలిపోయింది. మన రాష్ట్రంలో ఒక పెద్ద టెండరు ధర ఎక్కువని 2024 డిసెంబరులో రద్దయింది. ఆలస్యమైంది కదా అని నిద్రపోవద్దు. 2023 జూన్‌లో కేంద్రం నిబంధనలు సవరించింది. దాని ప్రకారం కరెంటు వాడకం ఎక్కువగా ఉండే గంటల్లో పరిశ్రమలకు రేటు మామూలు రేటుకు 1.2 రెట్లకు తగ్గకూడదు. పగలు ఎండ ఉన్న గంటల్లో 20 శాతమైనా తక్కువ ఉండాలి. స్మార్ట్ మీటరు బిగించగానే ఈ పద్ధతి వర్తిస్తుందన్నారు.

దీని అర్థమేమిటి? సాయంత్రం రేటు పెరిగితే యజమాని ఆ గంటల్లో మగ్గాలు ఆపమంటాడు. మనది పీసు కూలి. మగ్గం ఆగితే కూలి లేదు. ఆ నష్టం ఏ మీటరులోనూ ఎక్కదు. రెండు మగ్గాలు పెట్టుకుని ఇంటిల్లిపాదీ నేసే చిన్నవాళ్ళ సంగతీ అంతే. మరమగ్గాలకు 2023 మార్చి నుంచి రెండు నెలలకు 1,000 యూనిట్లు ఉచితంగా ఇస్తున్నారు. కొత్త మీటరు వస్తే ఆ 1,000 యూనిట్లను ఏ గంటల్లోంచి తీసేస్తారు? ఇది ముందే రాతపూర్వకంగా తేలాలి.

ఇంకొక మాట. 2021 నవంబరులో కృష్ణాపురం డ్యాము నీళ్ళు వదిలినప్పుడు కొసస్థలై పొంగి మన పక్క నేలబారు వంతెనలు మునిగిన సంగతి మీకు తెలుసు. ఆ నీళ్ళే పూండికి పోయి చెన్నై తాగుతుంది. నది ఒకటే, రాష్ట్రాలు రెండు. 1960 ఏప్రిల్ 1న గీత మారి మనం ఇటు వచ్చాం గానీ నీళ్ళకు ఆ గీత తెలియదు. డ్యాము తలుపు ఎత్తకముందే నైట్ షిఫ్టుకు పోయేవాడి ఫోనుకు తెలుగులోనూ, తమిళంలోనూ కబురు రావాలి. అది వస్తే అదే మనకు స్మార్ట్. కబురుతో పాటు వంతెన ఎత్తు కూడా పెరగాలి. మునిగిన వంతెనను కెమెరాలో చూసి లాభం లేదు.

అందుకని మన కోర్కెలు నాలుగు. మీటరు లెక్క షెడ్డులోనే, మన భాషలో కనబడాలి. ఉచిత యూనిట్ల లెక్క రాతపూర్వకంగా ఇవ్వాలి. రేటు కారణంగా మగ్గం ఆపితే ఆ గంటలకు కూలి ఒప్పందంలో రాయాలి. వరద కబురు ముందే రావాలి. రేట్లు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. రేట్లు మార్చే ముందు అది బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడ మిల్లు యజమానులు మాట్లాడతారు, ఈసారి మనమూ మాట్లాడాలి.

దానికి ఆధారం కావాలి. రేపటి నుంచి ప్రతి షెడ్డులో ఒక నోటు పుస్తకం పెట్టండి. మగ్గం ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, ఎన్ని గంటల కూలి పోయింది, రాయండి. నెలాఖరుకు సంఘం ఆఫీసుకు తెండి. మిషను లెక్క వాళ్ళ దగ్గర ఉంటుంది. కారణం మన దగ్గర ఉండాలి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!