సున్నాకు కింద ఏముందో చూడండి



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీకు ఆకాశమే హద్దుగా ఎగరండని నేను చెప్పను. ఆ మాట ఎవరో ఒకరు ఎలాగూ చెబుతారు. ఎగిరేదాన్ని నేల మీద ఎలా పరీక్షిస్తారో చెబుతాను.

మైక్రోలైట్ ట్రైక్ అంటే పైన గుడ్డ రెక్క, కింద మూడు చక్రాల బండి, వెనక ఇంజను. తోక ఉండదు. పైలట్ బార్‌ను తన వైపు లాక్కుంటే ముక్కు దిగి వేగం పెరుగుతుంది, ముందుకు తోస్తే ముక్కు లేస్తుంది. ఈ రెక్కకు మూలం అమెరికాలోని రొగాలో దంపతులు. 1948లో వంటింటి కర్టెన్ గుడ్డతో తొలి నమూనా కుట్టారు.

1970లలో ఆ రెక్కతో ఇంజను లేని హ్యాంగ్ గ్లైడర్లు ఎగిరాయి. ప్రాణాలూ పోయాయి. ముక్కు మరీ దిగితే గుడ్డ బిగువు తప్పి రెపరెపలాడుతుంది. మన గోదావరిలో తెరచాప గాలి వదిలేస్తే పడవ ఆగుతుంది, అంతే. ఇక్కడ మాత్రం ముక్కును లేపే బలమే పోతుంది. బార్ ఎంత తోసినా డైవ్ ఆగదు.

విరుగుడుగా రెక్క మీది స్తంభం నుంచి వెనక అంచుకు సన్నని తీగలు కట్టారు. వాటినే లఫ్ లైన్లంటారు. మామూలుగా వదులుగా వేలాడతాయి. ముక్కు దిగినప్పుడే బిగుసుకుని, అంచును పైకి పట్టి ఉంచి ముక్కును లేపుతాయి.

అవి పనిచేస్తాయని తేల్చేదెలా? రెక్కను ట్రక్కు మీద ఎత్తుగా బిగించి, గాలి లేని వేళ రన్‌వే మీద పరుగెత్తిస్తారు. వేగం మారుస్తూ, కోణం మారుస్తూ, రెక్క ముక్కును ఎటు తిప్పాలని చూస్తోందో కొలుస్తారు. హాయిగా ఎగిరే కోణంలో ఏ రెక్కయినా బుద్ధిగానే ఉంటుంది. అసలు సంగతి కోణం సున్నా అయ్యే దగ్గర, దానికీ కింద తేలుతుంది. గుడ్డ టపటపా కొట్టుకునే ఆ చోట కూడా ముక్కు లేవాలనే చూస్తేనే రెక్క పాసు.

పాసైనంత మాత్రాన అయిపోలేదు. నిటారుగా ఎక్కించి వేగం పోగొడితే మంచి రెక్క కూడా పల్టీలు కొట్టవచ్చు. అప్పుడు ఏ తీగా కాపాడదు. ఎండకు గుడ్డ చివుకుతుంది, కోనసీమ ఉప్పుగాలికి తీగలు తుప్పు పడతాయి. పోటీల్లో వేగం కోసం ఈ రక్షణనే తగ్గించుకునే గ్లైడర్ పైలట్లూ ఉన్నారు!

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగాక, తనిఖీ విలువ ఈ జిల్లాలకు నేను చెప్పనక్కర్లేదు. రేపు వంతెనో, బాయిలరో, విమానమో మీ సంతకం కోసం వస్తుంది. సున్నాకు కింది రీడింగులు చూపించమనండి. లేవంటే సంతకం పెట్టకండి.